పిండిగిర్ని ఏ రాష్ట్రంలో ఉంది?

ఉదయం 5.50కి చంద్రపూర్‌లోని మా పరీక్షాశాల గేటు దాటాం. జీపు మీటరులో అంకె 41,206. వార్ధా నది వంతెన 6.31కి, రాజురా బస్టాండు 6.38కి, గిర్ని ఉన్న ఊరు 8.22కి. అప్పటికి అంకె 41,289. అంటే 83 కిలోమీటర్లు, రెండు గంటల ముప్పై రెండు నిమిషాలు. అందులో టీకి పోయినవి పదకొండు నిమిషాలు.

ఇవన్నీ నా నోటుబుక్కులో ఇప్పటికీ ఉన్నాయి. ఇన్ని సంగతులు ఇంత కచ్చితంగా రాసుకున్న మనిషికి ఒక్క సంగతి మాత్రం తెలియలేదు. తాను దిగింది ఏ రాష్ట్రంలోనో తెలియలేదు. తెలియదని కూడా తెలియలేదు. ఆ తెలియనితనాన్నే నివేదికలోకి ఎక్కించి, కింద సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేశాను.

నేను పనిచేసింది ఒక ప్రభుత్వ సాంకేతిక విద్యాలయంలో. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో చివరి పదకొండు ఏళ్లు విద్యుత్ యంత్రాల పరీక్షాశాలకు అధిపతిని. వినియోగదారుల కమిషన్ ముందుకు వచ్చే ఫిర్యాదుల్లో వస్తువు లోపం కంటికి కనిపించనిదైతే, దాన్ని సంచీలో కట్టి, లక్కముద్ర వేసి మా దగ్గరికి పంపేవారు. ఫ్యాన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు, పంపుసెట్లు. మేం పరీక్షించి, లోపం ఉందో లేదో, ఉంటే అది తయారీలోదో వాడకంలోదో రాసి పంపాలి. మా పని అంతే. ఆ "అంతే" అనే మాట విలువ నాకు ఉద్యోగం చివరి ఏడాదిలో గాని అర్థం కాలేదు. మీలో ఇప్పుడు ఇలాంటి బల్లల ముందు కూర్చుంటున్నవారు కొందరైనా ఉంటారు కనుక, ఆ పాఠం నాకు ఎలా వచ్చిందో, దాని ఖర్చు ఎవరు భరించారో చెబుతాను.

ఫిర్యాదు చేసినావిడ సరిహద్దు ఊరి మనిషి. వయసు నలభై మూడు. ఊళ్లో పిండిగిర్ని పెట్టుకోవడానికి మహిళల పొదుపు సంఘం నుంచి, అంటే మా దగ్గర అందరూ బచత్ గట్ అనే దాని నుంచి, అప్పు తీసుకుంది. నాగపూర్‌లోని ఒక కంపెనీ ఏజెంటు వారపు సంతలో బల్ల వేసి కూర్చుంటే అతనికి ఆర్డరు ఇచ్చింది. మూడు హార్స్‌పవర్ మోటారు, రాతిచక్రాల మర, ధర 38,500 రూపాయలు. మోటారు మీది రేకులో "నూరు శాతం రాగి తీగ" అని ఉంది. నలభయ్యో రోజున మోటారు కాలింది. కంపెనీవాళ్లు పట్టుకెళ్లి, మూడు వారాలకు తెచ్చి బిగించారు. మళ్లీ కాలింది. మూడోసారి కాలినప్పుడు, మీ ఊరి కరెంటు మంచిది కాదు, మా మోటారుది తప్పు లేదని ఉత్తరం పంపారు.

ఇక్కడ చట్టం గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. పాత చట్టంలో, అమ్మినవాడు ఎక్కడ ఉంటే, లేదా తగాదా ఎక్కడ పుట్టిందని రుజువైతే, అక్కడికి పోయి ఫిర్యాదు చేయాలి. కొత్త చట్టం దయ తలచింది. కొన్నవారు ఎక్కడ నివసిస్తారో, ఎక్కడ పని చేసుకుని బతుకుతారో అక్కడి జిల్లా కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. వకీలు అక్కర్లేదు. ఐదు లక్షల లోపు వస్తువైతే రుసుము కూడా లేదు. వినియోగదారుడే రాజు అని ఆఫీసుల గోడలకు అంటించిన కాగితాల్లో ఇదంతా రంగుల్లో ఉంటుంది. రాజుగారు ఎక్కడ నివసిస్తారన్నది రాజుగారే రుజువు చేసుకోవాలన్న సంగతికి మాత్రం ఆ కాగితాల్లో చోటు చాలలేదు.

ఈవిడ నివసించే ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలు అంటాయి. అలాంటి ఊళ్లు ఆ గుట్టల మీద కొన్ని ఉన్నాయని జిల్లాలో అందరికీ తెలుసు. రెండు బడులు, రెండు రేషన్ దుకాణాలు, ఇద్దరు సర్పంచులు, రెండు రకాల కరెంటు స్తంభాలు. ఓట్లు కావాల్సినప్పుడు రెండు ప్రభుత్వాలూ వస్తాయి. మోటారు కాలినప్పుడు ఎవరు రావాలన్నది ఎవరూ రాసుకోలేదు.

మోటారు మా దగ్గరికి ముద్రతో వచ్చిన రోజున దాన్ని సంచీలోంచి తీసినవాడు మా వైండరు. అంటే మోటార్లలో తీగ చుట్టేవాడు. తండ్రి కరీంనగర్ వైపు నుంచి బొగ్గుగనికి వచ్చి చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో స్థిరపడ్డాడు. నా తండ్రీ అలా వచ్చినవాడే కనుక మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. అతను పదో తరగతి తప్పాడు. పరీక్షాశాలలో నా తర్వాతి స్థానం అతనిదని కాగితం మీద ఉండేది. కాగితం బయట ఆ క్రమం ఎలా ఉండేదో నేను చెప్పుకోను.

అతను మోటారును బల్ల మీదికి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

"సార్, ఇది రాగి అని రాసుకున్నరు. ఇది రాగి అయితె నా పెండ్లి ఉంగరం ప్లాటినం."

"విప్పకుండా ఎలా చెబుతావు?"

"ఎత్తంగనే తెలుస్తలేదా? మూడు హార్స్‌పవర్ మోటరు ఇంత తేలిగ్గ ఉంటదా? పత్తిమూట లెక్క ఉన్నది."

"చేతి తూకం నివేదికలో రాయలేను."

"మరేం రాస్తరు?"

"సాంద్రత."

"గదే తూకం. జర చదువుకున్న తూకం."

విప్పాం. తీగ ఎర్రగానే ఉంది. అతను బ్లేడుతో గీకాడు. ఎర్ర వార్నిష్ కింద తెల్లటి లోహం బయటపడింది. నేను కాలిన చుట్టలోంచి ఒక ముక్క కోసి, తూచి, నీళ్లలో ముంచి, సాంద్రత కట్టాను. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు. రాగి అయితే 8.9 ఉండాలి. అల్యూమినియం తీగ వేయడం దానంతట అది నేరం కాదు. దానికి తగ్గ మందం వేసి, ఉన్నదున్నట్టు రేకు మీద రాసి అమ్మవచ్చు. వీళ్లు సన్నటి తీగ వేసి, ఎర్రరంగు పూసి, రాగి అని రాశారు. నిండుబరువు మీద నడిపితే ఆ చుట్ట కాలకుండా ఉండే మార్గం లేదు. పరీక్ష నలభై నిమిషాల్లో తేలిపోయింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

కంపెనీ వకీలు మాత్రం, లోపం సరే, ఊరి వోల్టేజీ సంగతి తేల్చాలని పట్టుబట్టాడు. కమిషన్ మాకు మరో ఉత్తర్వు పంపింది. మర ఉన్న చోటికి వెళ్లి సరఫరా వోల్టేజీ కొలిచి రాయమని అందులో ఉంది. మొదట రాసిన కిలోమీటర్లు ఆ ప్రయాణానివే.

ఆవిడ మర ముందు నిలబడి ఉంది. గిర్ని మూతపడి అప్పటికే ఎనిమిది నెలలు. పిండి వాసన లేని గిర్నిని నేను అంతకు ముందు చూడలేదు. జొన్నలు, గోధుమలు పోసి ఆడవాళ్లు వరుసలో పెట్టే డబ్బాల స్థానంలో ఒక మేకపిల్లను కట్టేసి ఉంచారు.

"దొరికిందా సారు మా ఊరు?" అంది. "మస్తుమందికి దొరకది. ఎలక్షన్లప్పుడైతె రెండు దిక్కులకెల్లి దొరుకుతది."

పొదుపు సంఘంవాళ్లు ఏమంటున్నారని నాతో వచ్చిన వైండరు అడిగాడు.

"ఏమంటరన్నా. పదకొండు మంది ఆడోళ్లం. నెలనెల మీటింగుల జవాబు చెప్పుమని నన్ను మధ్యల కూసోబెడుతున్నరు. ఇంతకుముందు గోడకు కూసునేదాన్ని."

నేను వోల్ట్‌మీటరు మర మీటరు దగ్గర తగిలించి, పది నిమిషాలకొకసారి అంకె రాసుకున్నాను. 8.40 నుంచి 12.40 వరకు, ఇరవై ఐదు అంకెలు. కనిష్ఠం 219, గరిష్ఠం 238. పరిమితుల్లోనే ఉంది. కంపెనీ వాదన అక్కడ చచ్చింది. మధ్యలో ఆవిడ ఇంట్లోకి పిలిచి చాయ్ ఇచ్చింది. ఇల్లూ మరా ఒకే కప్పు కింద, మధ్యలో ఒక్క గోడ. ఇంట్లో మేకులకు రెండు ప్లాస్టిక్ కవర్లు వేలాడుతున్నాయి. వాటి గురించి అడిగాను.

"ఇది మహారాష్ట్ర కవరు, అది తెలంగాణ కవరు. ఎవలస్తె వాళ్లకు వాళ్ల కార్డు. మా అత్త నేర్పింది. ఈ కవరుల కాయితం ఆ కవరుల పెట్టిన కోడలికి మా ఊర్లె బువ్వ పుట్టది."

"ఆధార్ ఒక్కటే ఉంటుంది కదా. అది ఏ వైపుది?"

"క్యాంపు ముందు ఎవలు పెడితె వాళ్లది. అటోళ్లు ముందుగాల పెట్టిండ్రు. మాకు గదేమన్న పెండ్లి సంబంధమా సారు, మంచిచెడ్డ చూసెతందుకు?"

వైండరు నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే లెక్క రాసుకుంటున్నాను. ఇంటి కరెంటు మహారాష్ట్ర స్తంభం నుంచి వస్తోంది. మర కరెంటు తెలంగాణ స్తంభం నుంచి వస్తోంది. ఆ లైనులో కోతలు తక్కువని అలా పెట్టించుకున్నారు. మర గుమ్మానికి మహారాష్ట్ర స్తంభం 17 మీటర్లు, తెలంగాణ స్తంభం 26 మీటర్లు. టేపు పెట్టి కొలిచాను. ఎందుకు కొలిచానని అడిగితే, నా దగ్గర టేపు ఉంది కనుక అన్నది తప్ప వేరే జవాబు లేదు.

నివేదిక రాయడంలో నాకు పేరుండేది. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఖాళీ గడి వదలని మనిషినని చెప్పుకునేవారు. మా నమూనా పత్రంలో ఏడో అంశం "పరిశీలన స్థలం." ఆ గడి మా విద్యాలయం ఎప్పుడో ఇంకెందుకో తయారుచేసుకున్నది. కమిషన్ అడిగింది మాత్రం కాదు. అయినా గడి ఉంది కనుక నింపాను. మర మీటరు రేకు మీద ఉన్న సర్వీసు సంఖ్య, సంస్థ పేరు ఎక్కించి, "తెలంగాణ రాష్ట్రం" అని రాశాను. ఇంటి మీటరు సంగతి రాయలేదు. నేను కొలిచింది మర వోల్టేజీ, ఇంటి వోల్టేజీ కాదు. నా తర్కం అంత శుభ్రంగా ఉండింది.

వైండరు టైపు ప్రతి చూసి ఆ గడి దగ్గర వేలు పెట్టాడు.

"సార్, గా ఊరు ఎవలిదో ఢిల్లీ దాక పోయినా తేలలే అంటరు. మీరు టైపు కొట్టి తేల్చేసిండ్రా?"

"నేనేం తేల్చలేదు. మీటరు రేకు మీద ఉన్నదే రాశాను."

"రేకు మీద ఉన్నదంత నిజమైతె ఆ మోటరుల రాగి ఉండాలె గద సార్."

ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన సలహాలన్నిటిలో ఇంతకంటే మంచిది లేదు. నేను అతనికి ఇచ్చిన జవాబు, "ప్రతులు నాలుగు తీయించు" అన్నది.

నివేదిక ఏడు పేజీలు వచ్చింది. మా ప్రధానాధికారికి ఎంత నచ్చిందంటే, దాని ప్రతులు తీయించి, నివేదిక ఎలా ఉండాలో చూసి నేర్చుకోమని జూనియర్లకు పంచాడు. ఆ ప్రతులు ఇంకా కొన్ని సొరుగుల్లో ఉండి ఉంటాయి. దయచేసి చూసి నేర్చుకోకండి.

విచారణ రోజున నన్ను సాక్షిగా పిలిచారు. ఉదయం 11.40కి మా కేసు వచ్చింది. ఒకవైపు కంపెనీ తరఫున నాగపూర్ నుంచి వచ్చిన వకీలు, ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో, ఇస్త్రీ నలగని మనిషి. మరోవైపు ఈవిడ, ఒక్కర్తే, చేతిలో మహారాష్ట్ర కవరు. మహారాష్ట్ర వైపు ఉన్న చంద్రపూర్ జిల్లా కమిషన్‌లో వేసిన ఫిర్యాదుతో పాటు ఇటువైపు రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇంటి పన్ను రసీదు దాఖలు చేసి, తాను మహారాష్ట్రలో నివసిస్తున్నానని ప్రమాణపత్రం ఇచ్చింది. విచారణంతా మరాఠీలో. ఆవిడ మరాఠీ నా మరాఠీ కంటే బాగుంటుంది.

వకీలు మొదట, గిర్ని వ్యాపారం కనుక ఆవిడ వినియోగదారే కాదన్నాడు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం నడుపుకునేవారికి ఆ అడ్డు వర్తించదని కమిషన్ అధ్యక్షురాలు చట్టం తీసి చదివి, ఆ వాదనను పక్కన పెట్టారు. తర్వాత వోల్టేజీ అన్నాడు. నా ఇరవై ఐదు అంకెలు చదివించారు. అదీ పోయింది. ఆ రెండు ఓడిపోయినప్పుడు అతని ముఖంలో ఏమీ మారలేదు. ఎందుకంటే అతను మూడో కాగితం మీద వేలు పెట్టుకుని ఉన్నాడు. అది నా కాగితం.

బిల్లు మీద ఉన్న చిరునామా ఆధార్ ప్రకారం తెలంగాణదని ముందు చూపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ నివేదిక మీదేనా?"

"నాదే."

"ఇందులో ఉన్న ప్రతి వివరమూ సరైనదేనా?"

"ప్రతి వివరమూ."

"నాలుగో పేజీ, ఏడో అంశం కూడా?"

అప్పుడు అర్థమైంది. అర్థమైన తర్వాత కూడా నా నోటి నుంచి వచ్చిన మాట, "సరైనదే."

"అంటే ఆమె పని చేసుకుని బతికే చోటు తెలంగాణలో ఉంది. బిల్లు ప్రకారం నివాసమూ అక్కడే. ఇక ఈ కమిషన్‌కు విచారణ పరిధి ఎక్కడిది?"

ఆవిడ లేచింది. తన ఇంటి కరెంటు ఇటువైపుదేనని మరాఠీలో చెప్పింది. బిల్లు చూపించమన్నాడు వకీలు. చూపించింది. అది చనిపోయిన మామ పేరు మీద ఉంది. మీ పేరు మీద లేని బిల్లు మీ నివాసానికి రుజువు కాదన్నాడు, ఎంతో మర్యాదగా. అలాంటి మర్యాదకు గంటకు ఇంతని రేటు ఉంటుంది.

అధ్యక్షురాలు నన్ను అడిగారు. "స్థలం ఏ రాష్ట్రంలో ఉందో రాయమని మా ఉత్తర్వులో ఉందా?"

"లేదు మేడమ్."

"మరి ఎందుకు రాశారు?"

"నివేదిక సంపూర్ణంగా ఉండాలని."

అధ్యక్షురాలు మళ్లీ అడిగారు. "మీరు అక్కడికి వెళ్లి చూశారు. ఇంకా చెప్పవలసింది ఏమైనా ఉందా?"

ఆ ప్రశ్న తలుపు తీసి పట్టుకుని నిలబడటం లాంటిది. నా సంచీలో నోటుబుక్కు ఉంది. అందులో రెండు స్తంభాలు, రెండు దూరాలు, ఒక గోడ, ఇంటి మీటరు సంఖ్యతో సహా ఉన్నాయి. బయటికి తీసి ఒక్క నిమిషం చదివితే చాలు. కాని అలా చదివితే నా నివేదిక అసంపూర్ణమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ముప్పై ఒక్క ఏళ్లలో అలా ఎవరూ అనలేదు. నేను నిటారుగా నిలబడి, "నివేదికలో ఉన్నదే నా సాక్ష్యం" అన్నాను. వినడానికి చాలా గంభీరంగా ఉండింది. వకీలు తల వంచి నమస్కరించాడు. సాక్షికి ప్రత్యర్థి వకీలు నమస్కరించాడంటే ఆ సాక్షి ఏం చేసి వచ్చాడో వేరే చెప్పనక్కర్లేదు.

బయట వరండాలో ఆవిడ నా కోసం ఆగింది.

"సారు, మా ఇంట్ల చాయ్ తాగిండ్రు గద. అక్కడ వెలిగిన బల్బు ఎవలిది?"

"మహారాష్ట్రది."

"మరి గా మాట లోపట ఎందుకు చెప్పలే?"

"అది అడగలేదమ్మా."

"మేడమ్ అడిగింది. ఇంకేమన్న ఉన్నదా అని అడిగింది. నేను ఇన్న." కవరును కొంగులో చుట్టుకుంది. "అడగంది రాసిండ్రు. అడిగింది చెప్పకపోతిరి. గింత చదువు చదివి ఏం ఫాయిదా సారు?"

నేను నియమాల గురించి ఏదో మొదలుపెట్టాను. ఆవిడ బస్సు టైమైందని వెళ్లిపోయింది. బస్సు 2.15కి. అప్పుడు సమయం 12.30.

ఇరవై మూడు రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఉన్న సాక్ష్యం మీద నివాసం, పనిచోటు రెండూ ఈ పరిధిలో ఉన్నట్టు రుజువు కాలేదు కనుక, తగిన చోట దాఖలు చేసుకునే స్వేచ్ఛతో ఫిర్యాదును తిప్పి ఇస్తున్నామని. తప్పుపట్టడానికి నాకు అందులో ఏమీ దొరకలేదు. వాళ్ల ముందున్న కాగితాలతో నేనైనా అలాగే రాసేవాణ్ణి. వాళ్ల ముందు లేని కాగితం నా సంచీలో ఉండింది. మోటారులో ఉన్నది రాగి తీగా, అల్యూమినియం తీగా అన్న విషయంలోకి తాము వెళ్లడం లేదని చివర్లో ఒక వాక్యం ఉంది. ఏడు పేజీల్లో ఆరింటి అవసరం ఎవరికీ పడలేదు. పనికివచ్చింది ఆ ఒక్క గడే.

మోటారు అప్పగించడానికి ఆవిడను పిలిపించాం. ఉత్తర్వు ప్రతి మడిచి పట్టుకుని వచ్చింది. నేను అప్పటికి మనసు మార్చుకున్న మనిషిని. ఒక అనుబంధ పత్రం రాసి పెట్టుకున్నాను. ఇల్లు, స్తంభాలు, దూరాలు, అన్నీ ఉన్నాయి. అప్పీలుకు నలభై ఐదు రోజుల గడువుందని, దాన్ని జతచేస్తే గెలవవచ్చని, అంతవరకు మోటారును విప్పవద్దని, అదే సాక్ష్యమని వివరించాను.

"అప్పీలు ఏడ?"

"నాగపూర్‌లో. కంపెనీ ఉన్న చోటు కనుక కొత్తగా వేయాలన్నా అక్కడే."

"ఎన్ని తారీఖులు అయితయి?"

నా జీవితంలో అంకె చెప్పలేని కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

"పోనీ అక్కా, అటు దిక్కు కోర్టుల వెయ్యి," అన్నాడు వైండరు. "తెలంగాణల ఉన్నవని వీళ్లే అన్నరు గద."

"ఇక్కడ ప్రమాణం చేసి మహారాష్ట్రల ఉంటున్న అని రాసిచ్చిన. మల్ల అటు పోయి తెలంగాణల ఉంటున్న అని ప్రమాణం చెయ్యాల్నా? దొంగ మోటరు అమ్మినోడు బరాబరుంటడు. కొన్నదాన్ని నేను దొంగనైత."

చట్టం చదువుకున్నవాళ్లెవరూ నాకు ఇంత తక్కువ మాటల్లో ఆ చిక్కు చెప్పలేదు. ఆవిడ బల్ల మీద ఉన్న మోటారు మీద చెయ్యి వేసింది.

"అన్నా, దీంట్ల అసలు రాగి చుడితె ఎన్ని రోజులకు ఇస్తవు?"

"రెండు రోజులు. జర ఆలోచించు అక్కా. ఒక్కసారి తీగ తీసినమంటె ఇంగ కేసు లేనట్టే."

"కొత్త జొన్నలు అచ్చినయి. ఊరోళ్లంత డబ్బాలు పట్టుకొని ఆరు కిలోమీటర్లు పోతున్నరు పిండి పట్టిచ్చుకరానీకి. ఇంకో రెండు నెలలు పోతె ఆ గిర్నికే అలవాటు పడ్తరు. అప్పుడు కేసు గెలిచి ఏం చేసుకోవాలె, గోడకు కొట్టుకోవాల్నా?"

"అమ్మా, ఈ పత్రం..." అన్నాను.

"మీ చిట్టి మంచిగనే రాసిండ్రు సారు. ఆనాడు మీ నోటి నుంచి రాలే." కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అంది. "తియ్యన్నా."

వైండరు నా వైపు చూశాడు. ముద్ర కమిషన్ విప్పేసింది, మోటారు ఆవిడ సొంతం, నాకు ఆపే అధికారం లేదు. ఈసారి నా పరిధి ఎంతవరకో నాకు స్పష్టంగా తెలిసింది. అతను ఉలి పెట్టి కాలిన చుట్టలు ఒక్కొక్కటే కోసి లాగాడు. ఎర్రరంగు పెచ్చులు బల్ల నిండా రాలాయి. కంపెనీ మోసానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం గంటన్నరలో పాతసామాను బుట్టలోకి చేరింది.

ఉత్తర్వు వచ్చిన పదమూడో రోజున గిర్ని తిరిగిందని వైండరుకు ఫోను వచ్చింది. నాకు రాలేదు. నా అనుబంధ పత్రం గడువు నలభై ఐదో రోజున, సొరుగులో, తీరిపోయింది.

గిర్ని మూతపడి ఉన్నది పదమూడు నెలల పదకొండు రోజులు. ఆవిడ వాయిదాలకు వచ్చింది తొమ్మిది సార్లు. ప్రయాణ ఖర్చు 1,980 రూపాయలు. ఆగిన నెలలకు పొదుపు సంఘానికి కట్టిన వడ్డీ 5,005. కొత్త రాగి తీగ 2,610, వార్నిష్, కాగితం 340. కూలి వైండరు తీసుకోలేదు. తీసిన అల్యూమినియం కిలో రెండు వందల గ్రాములు. పాతసామాను ధరకు 168 రూపాయలు వచ్చాయి. కంపెనీ నుంచి వచ్చింది ఏమీ లేదు. ఆ మోడల్ ఇప్పటికీ సంతలో అమ్ముతున్నారు, రేకు మీది రాత మార్చలేదు. నివేదికకు నా పారితోషికం 2,500 రూపాయలు. ఏడు రోజుల్లో పూర్తిగా నా ఖాతాలో జమ అయింది.